అతిశీతల ద్రవాలతో పని: చలికన్నా ముందు గాలి సంగతి చూసుకోవాలి

ద్రవ నైట్రోజన్‌ను తొలిసారి చూసేవారికి సాధారణంగా ఒక గులాబీపువ్వును అందులో ముంచి, పైకి తీసి, బల్లకేసి కొట్టి, అది గాజుపెంకుల్లా రాలిపోవడం చూపిస్తారు. ఆ దృశ్యం చూసినవారికి చలి అంటే భయం మనసులో నాటుకుంటుంది. ఆ భయం మంచిదే. అయితే అది దృష్టినంతా చేతివేళ్ల మీదకు మళ్లించి, అంతకన్నా పెద్ద ప్రమాదాన్ని మరుగున పడేస్తుంది. ఈ ద్రవాల చలి ఒంటిని కాలుస్తుంది, కానీ పనిచేసే చోట ప్రాణం తీసేది చాలావరకు ఆ ద్రవం ఆవిరై నింపే వాయువే. దానికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడటం లేదన్న బాధ కూడా కలిగించదు. అందుకే ఈ మార్గదర్శిలో తొడుగుల కన్నా ముందు గది గురించి, ముఖకవచం కన్నా ముందు ఆక్సిజన్ మీటర్ గురించి చెప్పవలసి వస్తోంది.

1. చేతిలో ఉన్న ద్రవం ఏదో ముందు తేల్చుకోవాలి

అతిశీతల ద్రవాలన్నీ ఒకే జాతివని అనుకోకూడదు. సాధారణ వాతావరణ పీడనం దగ్గర నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆర్గాన్ మైనస్ 186 వద్ద, ఆక్సిజన్ మైనస్ 183 వద్ద, మీథేన్ మైనస్ 161 వద్ద, హైడ్రోజన్ మైనస్ 253 వద్ద, హీలియం మైనస్ 269 వద్ద మరుగుతాయి. వీటిలో నైట్రోజన్, ఆర్గాన్, హీలియం మండవు, మండించవు, కానీ గాలిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టి ఊపిరి తీస్తాయి. ఆక్సిజన్ తాను మండదు గానీ, చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ ఉధృతంగా మండేలా చేస్తుంది. హైడ్రోజన్, మీథేన్ స్వయంగా మండేవి. కాబట్టి ఒక ద్రవానికి రాసిన జాగ్రత్తల పట్టికను మరో ద్రవానికి యథాతథంగా అంటించడం పనికిరాదు.

అన్నిటికీ సమానమైన లక్షణం ఒకటి ఉంది: వ్యాకోచం. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ పూర్తిగా ఆవిరై గది ఉష్ణోగ్రతకు చేరితే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. ఆర్గాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ల విషయంలో ఆ సంఖ్య 800 దాటుతుంది. గుర్తుపెట్టుకోవలసిన అంకె ఒక్కటే అయితే అది ఈ ఏడువందలే; ఇకమీద చెప్పే జాగ్రత్తల్లో చాలా భాగం దానినుంచే పుట్టాయి.

పొడి మంచు, అంటే ఘన కార్బన్ డయాక్సైడ్, ద్రవం కాకపోయినా చాలా చోట్ల వీటి పక్కనే ఉంటుంది. మైనస్ 78.5 డిగ్రీల వద్ద అది కరగకుండా నేరుగా వాయువవుతుంది. దాని విషయంలో ఆక్సిజన్ మీటర్‌ను నమ్ముకుంటే మోసపోతాము. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 5 శాతానికి చేరేసరికి మనిషికి తలనొప్పి, ఆయాసం మొదలై పరిస్థితి ప్రమాదకరంగా మారుతుంది. అప్పటికి ఆక్సిజన్ మాత్రం 20.9 నుంచి 19.9 శాతానికే తగ్గి ఉంటుంది, మీటర్ మౌనంగానే ఉంటుంది. పొడి మంచు నిలవ ఉంచే చోట కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచే మీటర్ వేరుగా ఉండాలి.

2. ద్రవం లోపలికి రాకముందే గదిని లెక్కకట్టాలి

ఈ లెక్క చాలా సులభం. అయినా ఎక్కువమంది దాటవేసేది దీన్నే. గది పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి ఘనపరిమాణం తీసుకోవాలి. ఆ గదిలో ఉండే అతి పెద్ద పాత్ర మొత్తంగా ఒలికిపోతే ఎంత వాయువు పుడుతుందో, అంటే నైట్రోజన్‌కైతే లీటర్లను 0.7తో గుణించి ఎన్ని ఘనపు మీటర్లో చూడాలి. ఆ వాయువును గది పరిమాణంలోంచి తీసివేయగా మిగిలిన గాలిలో 20.9 శాతం ఆక్సిజన్ ఉంటుంది. దాన్ని మళ్లీ గది మొత్తానికి పరిస్తే ఎంత శాతమవుతుందన్నదే మనకు కావలసిన జవాబు.

5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. దాని పరిమాణం 60 ఘనపు మీటర్లు. అందులో 10 లీటర్ల ద్రవ నైట్రోజన్ ఒలికితే సుమారు 7 ఘనపు మీటర్ల వాయువు పుట్టి, ఆక్సిజన్ దాదాపు 18.5 శాతానికి పడిపోతుంది. ఇరవయ్యైదు లీటర్ల పాత్ర మొత్తం ఒలికితే అది 15 శాతం దరిదాపులకు చేరుతుంది. సాధారణంగా 19.5 శాతం కన్నా తక్కువైతే ఆ గాలిని ఆక్సిజన్ కొరత ఉన్న గాలిగా పరిగణిస్తారు. అక్కడినుంచి కిందికి దిగేకొద్దీ నాడి వేగం పెరుగుతుంది, ఆలోచన మందగిస్తుంది, అవయవాల మీద పట్టు తప్పుతుంది. 10 శాతం కన్నా తగ్గితే స్పృహ నిలవదు, 6 శాతం కన్నా తగ్గితే రెండు మూడు శ్వాసలతోనే మనిషి కూలిపోవచ్చు.

పై లెక్కలో ఒక ఉదారత దాగి ఉంది. పుట్టిన వాయువు గది అంతటా సమంగా కలిసిపోయిందని అది ఊహిస్తుంది. వాస్తవంలో, అప్పుడే ఆవిరైన చల్లని నైట్రోజన్ మామూలు గాలికన్నా దాదాపు నాలుగు రెట్లు బరువుంటుంది కనుక అది నేలను పట్టుకుని పాకుతుంది. అదే 10 లీటర్ల ఒలుకులో పుట్టిన వాయువు మొదటి కొద్ది నిమిషాలు నేలనుంచి ఒక మీటరు ఎత్తులోపలే ఉండిపోయిందనుకుంటే, ఆ పొరలో ఆక్సిజన్ 13.6 శాతమే ఉంటుంది. నిలబడినవాడికి ఏమీ తెలియదు. ఒలికిన చోట ఏమైందో చూద్దామని వంగినవాడికి కళ్లు తిరుగుతాయి. గోతులు, భూగర్భ గదులు, యంత్రాల కింది గుంటలు, మురుగు కాలువలు ఈ కారణంగానే మరింత ప్రమాదకరం. ఆర్గాన్ వాయువు చల్లదనం పోయాక కూడా గాలికన్నా బరువే కాబట్టి గుంటలో గంటల తరబడి నిలుస్తుంది. హీలియం తీరు వేరు. అది చల్లగా ఉన్న కొద్దిసేపు కిందికి దిగినా, వేడెక్కగానే పైకప్పు కిందకు చేరుకుంటుంది.

గాలి మార్పిడి విషయంలో కూడా లెక్క మనకు ఒక మంచి సంగతి చెబుతుంది. అదే 60 ఘనపు మీటర్ల గదిలో రోజుకు తలా అర లీటరు చొప్పున ఆవిరి కోల్పోయే ఐదు ఫ్లాస్కులు ఉన్నాయనుకుంటే, గంటకు పుట్టే వాయువు 0.07 ఘనపు మీటర్లే. గంటకొకసారి గది గాలి పూర్తిగా మారే ఏర్పాటు ఉంటే ఆక్సిజన్ శాతంలో తేడా కనబడనే కనబడదు. అంటే నిలవ ఉన్న ద్రవం మామూలుగా ముంచదు. నింపేటప్పుడు, ఒలికినప్పుడు, పాత్ర లోపలి శూన్యపు పొర దెబ్బతిన్నప్పుడు, గాలి మార్పిడి యంత్రం ఎవరికీ తెలియకుండా ఆగిపోయినప్పుడు ముంచుతుంది. కాబట్టి ఫ్యాన్ తిరుగుతోందో లేదో గది బయటినుంచే తెలిసేలా దీపం పెట్టాలి. నైట్రోజన్, ఆర్గాన్ ఉన్నచోట గాలిని బయటకు లాగే మార్గం నేలకు దగ్గరగా ఉండాలి.

3. ఆక్సిజన్ మీటర్‌ను ఎలా అమర్చాలి

మన ఊపిరితిత్తులకు ఆక్సిజన్ తగ్గిందని చెప్పే చురుకైన హెచ్చరిక లేదు. ఊపిరి బిగబట్టినప్పుడు కలిగే ఆ తహతహ ఆక్సిజన్ లేకపోవడం వల్ల కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల కలుగుతుంది. నైట్రోజన్ నిండిన గదిలో మనిషి కార్బన్ డయాక్సైడ్‌ను యథాప్రకారం బయటకు వదులుతూనే ఉంటాడు కాబట్టి అతనికి ఏ ఇబ్బందీ తోచదు. "కళ్లు తిరిగితే బయటకు వచ్చేస్తాను" అనేవారిని ఇప్పటికీ అక్కడక్కడా చూస్తుంటాము. కళ్లు తిరిగేసరికి కాళ్లు మాట వినవు. ఈ పనిని చేయగలిగేది మీటర్ మాత్రమే.

మీటర్‌ను వాయువు చేరే చోట అమర్చాలి: నైట్రోజన్, ఆర్గాన్లకు ముక్కు ఎత్తు కన్నా దిగువన, గుంటలు ఉంటే గుంటలోపల, హీలియానికి పైకప్పు దగ్గర. మొదటి హెచ్చరిక 19.5 శాతం వద్ద, ఖాళీ చేయమనే రెండో హెచ్చరిక 18 శాతం వద్ద మోగేలా పెట్టడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. ఆక్సిజన్ ద్రవం వాడేచోట పైవైపు హెచ్చరిక కూడా కావాలి, 23.5 శాతం దాటితే అగ్నిప్రమాదం పెరిగినట్టే. అంతకన్నా ముఖ్యంగా, మీటర్ చూపే అంకె తలుపు బయట కూడా కనబడాలి. లోపలికి అడుగు పెట్టాక చదివే అంకె వల్ల ప్రయోజనం సగమే. రసాయన ఘటంతో పనిచేసే సెన్సార్లు రెండు మూడేళ్లలో అరిగిపోతాయి కనుక మార్చవలసిన తేదీని మీటర్ మీదే రాసి ఉంచాలి, హెచ్చరిక గంటను నిర్ణీత వ్యవధుల్లో మోగించి చూడాలి. పదేపదే ఊరికే మోగుతోందని గంటను ఆపివేసిన మీటర్ ఉన్న గది, మీటర్ లేని గదికన్నా ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ మనుషులు ధైర్యంగా ఉంటారు.

4. పాత్ర, మూత, పీడనం

శూన్యపు పొరతో రెండు గోడలున్న పాత్రను జేమ్స్ డ్యూవార్ 1892లో రూపొందించాడు; ఈనాటికీ ఆ పాత్రలు ఆయన పేరుతోనే చలామణీ అవుతున్నాయి. మూత వదులుగా ఉండి ఆవిరి ఎప్పటికప్పుడు బయటకు పోయే తెరుపు డ్యూవార్లు ఒక రకం. గట్టిగా మూసి, పీడనం హద్దు మీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్, అదీ చాలకపోతే చినిగి వాయువుకు దారినిచ్చే పలుచని రేకు (రప్చర్ డిస్క్) అమర్చిన పీడన సిలిండర్లు మరో రకం. మొదటి రకానికి ఎన్నడూ బిగుతు మూత పెట్టకూడదు; తయారీదారు ఇచ్చిన వదులు మూతే వాడాలి. ఇంట్లో వేడినీళ్లకు వాడే మర మూత ఫ్లాస్కులో ద్రవ నైట్రోజన్ పోసి మూత బిగించడమంటే చేతిలో బాంబు పట్టుకోవడమే. తప్పించుకునే దారిలేని ద్రవ నైట్రోజన్ గది ఉష్ణోగ్రతకు వేడెక్కితే పీడనం 2,000 బార్, అంటే మామూలు గాలి పీడనానికి దాదాపు రెండువేల రెట్లు, దాటిపోతుంది. ఏ మామూలు పాత్రా దాన్ని ఆపలేదు.

ఈ సంగతికి బాగా తెలిసిన ఉదాహరణ 2006 జనవరిలో అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో జరిగింది. రసాయనశాస్త్ర విభాగంలో ఉన్న ఒక ద్రవ నైట్రోజన్ సిలిండర్‌కు ఉన్న రక్షణ వాల్వ్‌ను, రప్చర్ డిస్క్‌ను ఎవరో ఎన్నడో తీసివేసి, ఆ రంధ్రాలను లోహపు బిరడాలతో మూసివేశారు. ఒక రోజు తెల్లవారుజామున అది పేలి, రాకెట్‌లా పైకి లేచి, పైకప్పును చీల్చుకుని పోయింది. ఆ వేళ ప్రయోగశాలలో ఎవరూ లేకపోవడం వల్ల ప్రాణనష్టం తప్పింది. బుసకొడుతున్న వాల్వ్ చూసి కారుతోందని మూసేయాలనిపించడం సహజం. కానీ ఆ బుసే పాత్ర ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. బుస అంతకుముందుకన్నా బాగా పెరిగిందనిపించినా, పాత్ర పైభాగం మీద కాకుండా పక్కల మీద మంచు పేరుకున్నా, శూన్యపు పొర పోయి ఉండవచ్చునని భావించి ఆ పాత్రను ఆరుబయటికి చేర్చి సరఫరాదారుకు తెలియజేయాలి.

ఇదే సూత్రం గొట్టాలకూ వర్తిస్తుంది. రెండు వాల్వుల మధ్య ద్రవం చిక్కుకునే అవకాశమున్న ప్రతి గొట్టపు ముక్కకూ పీడనాన్ని బయటకు వదిలే తన సొంత రిలీఫ్ వాల్వ్ ఉండాలి. ఆ వాల్వ్ నోరు మనుషుల ముఖాలవైపు కాకుండా, వీలైతే భవనం బయటకు తెరుచుకోవాలి. తెరుపు డ్యూవార్ మెడలో గాలిలోని తేమ గడ్డకట్టి అడ్డుపడటం కూడా మూత బిగించడంతో సమానమే. హీలియం పాత్రల్లోనైతే గాలి తానే గడ్డకట్టి మెడను మూసేస్తుంది, కాబట్టి హీలియం పాత్ర మెడను ఒక్క నిమిషమైనా అనవసరంగా తెరిచి ఉంచకూడదు. అడ్డుపడిందని అనుమానం వస్తే ఊచతో పొడిచే ప్రయత్నం చేయకుండా, దూరంగా వెళ్లి తెలిసినవారిని పిలవాలి.

పాత్ర ఏ పదార్థంతో చేశారన్నది మరో ప్రశ్న. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304, 316 రకాలు, అల్యూమినియం, రాగి, ఇత్తడి ఈ చలిని తట్టుకుంటాయి. మామూలు ఉక్కు, రబ్బరు, చాలా రకాల ప్లాస్టిక్‌లు పెళుసెక్కి పగులుతాయి. 1944 అక్టోబరు 20న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ద్రవీకృత సహజవాయువు నిలవచేసిన ట్యాంకు పగిలి 130 మంది మరణించారు. ఆ ట్యాంకు లోపలి గోడకు వాడిన 3.5 శాతం నికెల్ ఉక్కు అంత చలిలో పెళుసుబారడమే అందుకు ప్రధాన కారణంగా తేల్చారు. తరువాతి కాలంలో ఇలాంటి ట్యాంకులకు 9 శాతం నికెల్ ఉక్కు స్థిరపడింది.

5. ఒంటి రక్షణ

కళ్లకు పక్కలు మూసిన రక్షణ అద్దాలు, వాటిపైన ముఖమంతా కప్పే కవచం. చేతులకు ఈ పనికే చేసిన ఉష్ణనిరోధక తొడుగులు. అవి వదులుగా ఉండి, ద్రవం లోపలికి జారితే ఒక్క విదిలింపుతో ఊడిపోవాలి. ఎంత మంచి తొడుగైనా చిందులకోసం, చల్లని లోహాన్ని కొద్దిసేపు పట్టుకోవడం కోసమే. దాన్ని ద్రవంలో ముంచడానికి కాదు. పలుచని రబ్బరు తొడుగులు చర్మానికి అంటుకుని గడ్డకడతాయి కనుక లేకపోవడమే మేలు. పొడుగుచేతుల చొక్కా లేదా కోటు, మడతలు లేని ప్యాంటు, పాదమంతా మూసే బూట్లు వేసుకోవాలి. ప్యాంటు అంచు బూటులోపలికి దోపకుండా బయటికే వేలాడాలి, లేకపోతే ఒలికిన ద్రవం బూటులోకి దారి చూసుకుంటుంది. ఉంగరాలు, గాజులు, గడియారం తీసిపెట్టాలి.

ఒక చుక్క నైట్రోజన్ వట్టి చర్మం మీద పడి దొర్లిపోతే ఏమీ కాకపోవడాన్ని చాలామంది గమనించి ఉంటారు. చర్మపు వేడికి చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని తేలియాడిస్తుంది. 1756లో ఈ సంగతిని వివరించిన లైడెన్‌ఫ్రాస్ట్ పేరే దానికి నిలిచింది. అది చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. గుడ్డలో ఇంకిన ద్రవానికి, అరచేతిలో నిలిచిన ద్రవానికి, చల్లబడిన లోహానికి ఆ పొర అడ్డురాదు. తడి వేలు చల్లని గొట్టానికి తగిలితే అతుక్కుపోతుంది, లాగితే చర్మం ఊడివస్తుంది.

6. నింపడం, వంపడం

పని మొదలుపెట్టే ముందు మీటర్ అంకె చూడండి, ఫ్యాన్ తిరుగుతోందని నిర్ధారించుకోండి, మీరు ఈ పనిలో ఉన్నారని ఇంకొకరికి తెలియజేయండి. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా నింపే అలవాటును ఏ సంస్థా అనుమతించకూడదు.

ఇక నింపే వరుస ఇది. నింపబోయే పాత్ర లోపల తేమ లేకుండా పొడిగా ఉందో లేదో చూడాలి. వేడిగా ఉన్న పాత్రలో మొదట కొద్దిగా ద్రవం పోసి, ఆ ఉధృతమైన మరుగు తగ్గేదాకా ఆగాలి. ఎక్కువ ఆవిరి, ఎక్కువ చిందులు ఈ తొలి నిమిషాల్లోనే వస్తాయి కనుక ముఖాన్ని పాత్ర నోటిమీదకు తేకూడదు. మరుగు నెమ్మదించాక గొట్టం చివర పాత్ర అడుగుకు దగ్గరగా ఉండేలా పెట్టి, తక్కువ పీడనంతో నింపాలి. పాత్రను అంచుదాకా నింపకుండా, తయారీదారు సూచించిన మేరకు పైన ఖాళీ వదలాలి. నింపుతున్నంతసేపూ అక్కడే ఉండాలి. ఫోన్ మోగిందని వాల్వ్ తెరిచి ఉంచి పక్క గదికి వెళ్లడం ఒలుకులకు అతి సాధారణమైన కారణం. నింపడం అయిపోయాక సరఫరా వాల్వ్ మూసి, గొట్టంలో మిగిలిన ద్రవం ఆవిరై పోనిచ్చి, ఆ తరువాతే గొట్టం విప్పాలి. గడ్డకట్టిన బిగింపును సుత్తితో కొట్టకూడదు, కరగనివ్వాలి.

ద్రవం మట్టం చూడటానికి బోలు గొట్టం వాడకూడదు. వేడి గొట్టం ముంచగానే లోపలి ద్రవం మరిగి పై కొసనుంచి ముఖం మీదకు చిమ్ముతుంది. గట్టి కర్ర లేదా ఈ పనికిచ్చే కొలబద్దను కొన్ని సెకన్లు ముంచి తీస్తే, తెల్లగా మంచు పట్టిన గీతే మట్టం.

జీవకణాల నమూనాలు నిలవచేసేవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన హెచ్చరిక అవసరం. ద్రవంలో మునిగి ఉన్న చిన్న సీసాల్లోకి మూత సందుల గుండా నైట్రోజన్ నెమ్మదిగా చేరుతుంది. సీసాను బయటకు తీసి వేడి చేసేటప్పుడు ఆ కొద్దిపాటి ద్రవమే పేలుడుగా మారి ప్లాస్టిక్ ముక్కలను కళ్లలోకి విసురుతుంది. అందువల్ల వీలైనంతవరకు సీసాలను ద్రవం పైనున్న ఆవిరిలో నిలవచేయాలి. ద్రవంలోంచే తీయవలసి వస్తే ముఖకవచం తీయకుండా, సీసాను గట్టి పాత్రలో మూతపెట్టి కరగనివ్వాలి.

7. ఒక చోటినుంచి మరో చోటికి

లిఫ్టు గురించి చెప్పేటప్పుడు మళ్లీ లెక్కకే వెళ్దాం. ఒకటిన్నర మీటర్ల చదరం, 2.2 మీటర్ల ఎత్తు ఉన్న లిఫ్టు పరిమాణం సుమారు 5 ఘనపు మీటర్లు. అందులో కేవలం 2 లీటర్ల నైట్రోజన్ ఒలికితే ఆక్సిజన్ 15 శాతానికి దిగుతుంది. కరెంటు పోయి లిఫ్టు ఆగితే బయటపడే దారి లేదు. కాబట్టి పాత్ర ఒంటరిగా లిఫ్టులో ప్రయాణించాలి: ఒకరు పాత్రను లోపల పెట్టి, "ఎవరూ ఎక్కవద్దు" అనే పలకను తలుపుకు అడ్డంగా నిలిపి, మీట నొక్కి బయటే ఉండాలి, మరొకరు చేరవలసిన అంతస్తులో ఎదురుచూడాలి. మధ్య అంతస్తుల్లో ఎవరైనా ఎక్కే అవకాశముంటే అక్కడ కూడా మనిషిని నిలపాలి. మూసిన కారులో, కూర్చునే భాగంలో, ఎంత చిన్న పాత్రనైనా తీసుకెళ్లకూడదు. నేలమీద తరలించేటప్పుడు పాత్రను దాని కోసమే చేసిన చక్రాల బండి మీద, నిటారుగా, తోస్తూ తీసుకెళ్లాలి. మెట్ల మీద చేతితో మోయవలసిన పరిస్థితి ఉంటే పాత్ర చిన్నదై ఉండాలి, ఒక చేయి కమ్మీ పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి.

8. ఆక్సిజన్, హైడ్రోజన్: వేరే దారి

ద్రవ ఆక్సిజన్ దగ్గర నూనె, గ్రీజు, తారు ఉండకూడదు. తారు నేలమీద ద్రవ ఆక్సిజన్ ఒలికితే ఆ తడిసిన తారు కాలి తొక్కిడికే పేలవచ్చు. అందుకే ఆక్సిజన్ ట్యాంకులు కాంక్రీటు మీద నిలుపుతారు. బట్టల్లోకి ఆక్సిజన్ చేరినా బయటకు ఏమీ కనబడదు, కానీ ఒక్క నిప్పురవ్వ చాలు. అలా అనుమానం వస్తే ఆరుబయట కనీసం పదిహేను నిమిషాలు నిలబడి బట్టలకు గాలి తగలనివ్వాలి, ఆలోపు మంటకు, పొయ్యికి, సిగరెట్టుకు దూరంగా ఉండాలి.

నైట్రోజన్ వాడేవారికీ ఆక్సిజన్ ప్రమాదం ఉందని చాలామందికి తెలియదు. ఆక్సిజన్ మరిగే స్థానం నైట్రోజన్‌ది కన్నా ఎక్కువ కావడం వల్ల, తొడుగులేని ద్రవ నైట్రోజన్ గొట్టాల మీద గాలి ద్రవమై కారుతుంది. ఆ చుక్కల్లో ఆక్సిజన్ దాదాపు సగం ఉండవచ్చు. చాలాసేపు తెరిచి ఉంచిన నైట్రోజన్ పాత్రలోనూ ఆక్సిజన్ కూడుకుంటుంది. ద్రవం లేత నీలిరంగుకు తిరిగితే అది ఇక ఉత్త నైట్రోజన్ కాదని గ్రహించాలి.

హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ పాళ్లలో కలిసినా మండుతుంది, దాని మంట పగటివెలుతురులో దాదాపు కనబడదు. ప్రత్యేకమైన శిక్షణ, విద్యుత్ రవ్వలు రాని పరికరాలు లేనిచోట దాన్ని ముట్టుకోకూడదు.

9. ఒలికినప్పుడు, మనిషి పడిపోయినప్పుడు

ఒలికిన చోట లేచే తెల్లని పొగ నైట్రోజన్ కాదు. గాలిలోని నీటి ఆవిరి చలికి మంచుగా మారి కనబడుతుంది. గాలి పొడిగా ఉంటే పొగ తక్కువ కనబడుతుంది, వాయువు మాత్రం అంతే ఉంటుంది. పొగ అంచే ప్రమాదం అంచు అనుకోవడం వల్ల మోసం జరుగుతుంది. కొద్దిపాటి చిందు తప్ప మిగిలిన ఏ ఒలుకుకైనా ఒకటే పని: అందరినీ బయటకు పంపి, తలుపులు తెరిచి, దారిలో వీలైతే సరఫరాను బయటి మీటతో ఆపి, మీటర్ అంకె 19.5 దాటి నిలిచేదాకా ఎవరినీ లోపలికి రానివ్వకపోవడం. తుడవవలసింది ఏమీ లేదు, అదే ఆవిరైపోతుంది.

లోపల ఒకరు పడి ఉంటే? ఈ పనిలో ఇంతకు మించిన కఠినమైన నియమం లేదు: శ్వాసకోసం గాలి సిలిండర్ ధరించని ఎవరూ లోపలికి వెళ్లకూడదు. 2021 జనవరి 28న అమెరికాలోని జార్జియా రాష్ట్రం గేన్స్‌విల్‌లో కోడిమాంసం శుద్ధిచేసే కర్మాగారంలో, ఆహారాన్ని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే యంత్రం పొంగి గదిని నింపేసింది. ద్రవం మట్టాన్ని కొలిచే చిన్న గొట్టం వంగిపోయి ఉండటం వల్ల యంత్రానికి మట్టం తెలియలేదని ఆ తరువాత దర్యాప్తులో తేలింది. అక్కడ ఆక్సిజన్ హెచ్చరిక వ్యవస్థ లేదు. తొలుత కూలినవారి కోసం వెళ్లినవారూ ఆ వాయువులో చిక్కుకున్నారు. మొత్తం ఆరుగురు మరణించారు. సాటి మనిషి నేలమీద పడి ఉంటే పరుగెత్తకుండా ఆగడం మానవ స్వభావానికి విరుద్ధం. అందుకే ఈ నియమాన్ని గోడమీద రాస్తే చాలదు, అభ్యాసం చేయించాలి: ఎవరు గంట మోగిస్తారు, ఎవరు అగ్నిమాపక దళాన్ని పిలుస్తారు, ఎవరు తలుపు దగ్గర నిలబడి మిగిలినవారిని ఆపుతారు అన్నవి పేరుపేరునా నిర్ణయించి, ఏడాదికి కొన్నిసార్లైనా ఆడించి చూడాలి. తలుపు దగ్గర నిలబడే పనిని గట్టి మనసున్నవారికి అప్పగించాలి.

బయటకు తెచ్చిన వ్యక్తి శ్వాస తీసుకోకపోతే వెంటనే కృత్రిమ శ్వాస, గుండె మర్దన మొదలుపెట్టి వైద్య సహాయం వచ్చేదాకా కొనసాగించాలి. స్పృహలోకి వచ్చి బాగానే ఉన్నానన్నా వైద్యపరీక్ష తప్పనిసరి.

చలి గాయానికి గోరువెచ్చని నీరే మందు: 37 నుంచి 40 డిగ్రీల నీటిలో గాయపడిన భాగాన్ని, రంగు తిరిగి వచ్చేదాకా ఉంచాలి. రుద్దకూడదు, నిప్పు సెగ చూపకూడదు, వేడినీళ్లు పోయకూడదు. చర్మానికి అతుక్కున్న బట్టను లాగకుండా నీటితో కరగనివ్వాలి; బిగుతుగా ఉన్న ఉంగరాలు, పట్టీలు వాపు రాకముందే సడలించాలి. తరువాత శుభ్రమైన పొడిగుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి పంపాలి. మొదట తిమ్మిరిగా ఉండి నొప్పి తెలియదు, కరిగేటప్పుడు తీవ్రంగా నొప్పెడుతుంది. ఆ నొప్పి చూసి నీటిలోంచి తీసేయకూడదు. కంట్లో పడితే గోరువెచ్చని నీటితో పదిహేను నిమిషాలు కడుగుతూనే వైద్యుణ్ని పిలవాలి.

10. మిగిలిన ద్రవం

పని ముగిశాక మిగిలిన నైట్రోజన్‌ను సింకులో పోయడం తరచుగా కనిపించే తప్పు. గొట్టాలు చలికి పగులుతాయి, వాయువు కాలువల గుండా ఎక్కడికి పోతుందో చెప్పలేము. క్లీవ్‌లాండ్‌లో ఒలికిన ద్రవీకృత వాయువు మురుగు కాలువల్లోకి దిగి, వీధుల అడుగున పేలి, నష్టాన్ని ట్యాంకుకు ఎంతో దూరం వరకు విస్తరించింది. మండని నైట్రోజన్ అలా పేలకపోయినా, కాలువ కలిసే కింది గదిలో ఎవరైనా ఉంటే ఊపిరి తీయడానికి అది చాలు. వీలైతే మిగిలిన ద్రవాన్ని నిలవ పాత్రకే తిరిగి చేర్చాలి. కాకపోతే తెరుపు డ్యూవార్‌ను ఆరుబయట, మనుషులు నడవని, గుంటలు లేని, కంచె వేసిన చోట ఉంచి దానంతట అదే ఆవిరి కానివ్వాలి. ఎంత పాత్రకు ఎంతసేపు పడుతుందో ఒకసారి చూసి రాసుకుంటే మరునాడు ఎవరూ తొందరపడి దాన్ని వంపరు. ఆవిరైపోయాక కూడా ఆ పాత్ర అడుగున చల్లని వాయువు నిండి ఉంటుంది కాబట్టి, మూత తెరిచి లోపలికి తొంగి చూడటం గానీ, శుభ్రం చేయడానికి తల పెట్టడం గానీ అది పూర్తిగా వేడెక్కి గాలి మారేదాకా చేయకూడదు.